ఐదో నంబరు చొక్కా

పద్దెనిమిదేళ్లు ఉతికాను ఆ చొక్కాని.
మోంతెవిదేయోలో, సెర్రో గుట్ట కింద,
మూతపడ్డ కబేళా గోడకి ఆనుకున్న
మా క్లబ్బు చాకిరేవులో.
రేవంటే రేవు కాదు, రెండు సిమెంటు తొట్లు,
దక్షిణపు గాలి కొడితే తలుపు పడని గది.

ఆట నేను చూసేదాన్ని కాదు.
ఆదివారం చీకటి పడ్డాక బుట్ట వచ్చేది,
ఆటంతా అందులో ఉండేది.

గోల్ కొట్టినవాడి చొక్కా ఇట్టే తెలిసిపోతుంది,
పదిమంది మీదపడి కౌగిలించుకుంటే
భుజాల దగ్గర సాగిపోయి ఉంటుంది.
గోల్‌కీపరుది మోచేతుల నిండా గడ్డి.
అంచున పరిగెత్తే ఒసీరిస్‌ది
ఒక పక్కంతా సున్నం,
వాడి బతుకు గీత పక్కనే కదా.

ఎల్బియో ఎచెగోయెన్‌ది మాత్రం చెమట.
ఒట్టి చెమట.
వీపు మీద మట్టి ఉండదు, పడేవాడు కాదు.
నిక్కరు ఎడమ వైపు ఒకే ఒక్క పచ్చటి చార,
కాలు జార్చి ఎవడి బంతో దొంగిలించిన ఆనవాలు.
కాలరు మాత్రం రెండు పక్కలా
నెల తిరిగేసరికి పోగులు లేచిపోయేది.
గడ్డం గీసుకోడు కాబోలు అనుకున్నాను,
పదిహేడేళ్లవాడికి గడ్డమెక్కడిదని మాత్రం అనుకోలేదు.

ఒకసారి పంపు చెడిపోయి
మైదానం కుళాయి దగ్గరికి బిందె పట్టుకెళ్లాను.
బంతి ఇంకా అవతలివాళ్ల కాళ్ల మధ్యే ఉంది.
వాడు ఎడమ భుజం మీంచి ఓ చూపు,
కుడి భుజం మీంచి ఓ చూపు,
మళ్లీ ఎడమ,
సంతలో బిడ్డ చెయ్యి వదిలేసిన తల్లిలా.
బంతి కాలికి చేరేసరికి
వాడికి చూడాల్సిందేమీ మిగల్లేదు.
ఒక్క తాకు, అంతే, వెళ్లిపోయింది.
అందుకున్నవాడు ఇంకొకడికి ఇచ్చాడు,
ఆ ఇంకొకడి కోసం జనం లేచి నిలబడ్డారు.
వీడప్పటికే మళ్లీ వెనక్కి చూస్తున్నాడు.

బిందె నిండి పొర్లిపోయింది.
కాలరు సంగతి అప్పుడు తెలిసింది నాకు.

నత్తనడక అన్నారు పేపరువాళ్లు.
ముందుకి ఆడడు, అడ్డంగా ఆడతాడు అన్నారు.
సోమవారం సోమవారం వాణ్ణి ఉతికి ఆరేసేవాళ్లు.
ఉతకడం, ఆరేయడం అంటే ఏమిటో
వాళ్ల చేతులకేం తెలుసు?

ఇరవై నాలుగో ఏట ఇటలీవాళ్లు కొనుక్కున్నారు,
జెనోవా దగ్గర్లో ఏదో రెండో డివిజన్ జట్టు.
ఐదో నంబరు వేరేవాడు తొడిగాడు.
ఆ పదకొండు నెలలూ కాలరు కొత్తగానే ఉంది.
మేం కింది డివిజన్‌కి జారిపోయాం.

తిరిగొచ్చాడు, మోకాలికి కుట్లతో,
కాఫీ బాగా కలపడం నేర్చుకుని.
అక్కణ్ణించి మరో పదకొండేళ్లు.
మొత్తం నాలుగు వందల పన్నెండు ఆటలు,
తొమ్మిది గోల్స్,
అందులో ఒకటి మా వలలోనే.

కాళ్లు నెమ్మదించేకొద్దీ
కాలరు ఇంకా త్వరగా అరిగింది.
చివరి ఏడాది మూడుసార్లు తిప్పి కుట్టాను.

ఆఖరి ఆట రాత్రి బుట్టలో ఐదో నంబరు లేదు.
ఎవరో గుర్తుగా పట్టుకుపోయారనుకున్నాను,
కాస్త తిట్టుకున్నాను కూడా.

మంగళవారం తలుపు దగ్గర నిలబడ్డాడు,
చంకలో పాత పేపరు పొట్లం.
"దోన్యా ఒందినా, ఈసారి నేనే ఉతికాను."
విప్పి చూస్తే ఎర్ర పట్టీ రంగు దిగి
తెల్లదంతా గులాబీ అయింది,
సబ్బు ఇంకా కుట్లలో జిగటగా ఉంది.

"వేడినీళ్లలో వేశావా?" అన్నాను.

జవాబు చెప్పే ముందు
భుజం మీంచి వెనక్కి చూశాడు.
ఎవరూ లేరు. తీగ మీద
పదిమంది చొక్కాలు గాలికి ఉబ్బుతున్నాయి,
మధ్యలో ఒకటి పట్టేంత ఖాళీ.

"వేశాను" అన్నాడు.

చొక్కా లాక్కుని చన్నీళ్లలో ముంచాను.
రంగు పోలేదు.