రెండో వైపు

గుజరాతీ గల్లీలో మా కొట్టుకి
ఒకతను బాటా చెప్పుల డబ్బా తెచ్చిచ్చాడు.
అందులో పదకొండు క్యాసెట్లు.
"మా పెద్దత్తవి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి."
రెండొందలు అడ్వాన్సు.
ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ రాసి వెళ్ళాడు.
మళ్ళీ రాలేదు.

మూత లోపలి వైపు సిరా చెదిరిన అక్షరాలు:
కందాళ వకుళ, వాటర్ వర్క్స్ ఆఫీసు, రెండో సెక్షన్.
ఎనభై మూడు వేసవి.
ఎవరూ లేనప్పుడు చదివినవి.

బూజు పట్టిన టేపుని స్పిరిట్ దూదితో తుడిచి
పెన్సిలు దూర్చి వదులు లాగి
ఓ మధ్యాహ్నం మీట నొక్కాను.
ముందు ఫ్యాను. తర్వాత గొంతు సవరింపు.
తర్వాత

    మూసీ ఇవాళ మా ఆఫీసుకొచ్చింది
    హాజరుపట్టీలో సంతకం పెట్టి
    తడి చీర కుర్చీ వీపుకి ఆరేసి
    ఒంటిపూట సెలవడిగింది

అంటోంది,
రేషను షాపులో పేర్లు పిలిచినట్టు,
ఏ మాటనీ ఒక గింజ ఎక్కువ తూయకుండా.

జహీరుద్దీన్ సాబ్ సోల్డరింగ్ ఆపి తలెత్తాడు.
"క్యా బోల్‌రీ యే అమ్మా? ఖబ్రాఁ పడ్‌రీ క్యా?"
అవును సాబ్, వార్తలే.
మూసీ సెలవు అడిగిందంట.
ఆయన కాసేపు ఆలోచించి
"మిలీ క్యా?" అన్నాడు.
అది టేపులో లేదు.

నాకు తెలిసింది హమ్, హిస్, హెడ్డు అరుగుదల.
పద్యం ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో
చెప్పే మీటరు మా దగ్గర లేదు.
కిటికీ అవతల బర్కత్‌పురా:
పాత చీరలకి స్టీలు గిన్నెలిస్తానని కేకేసే మనిషి,
పదమూడో ఎక్కం ఏడు దగ్గర
ప్రతి సాయంత్రం ఇరుక్కుపోయే ఎవరి పిల్లాడో.
కిటికీ ఇవతల ఆమె:

    నా మోచేతి దగ్గర రైల్వే గేటు పడింది
    అవతల మా అమ్మ సైకిలు దిగకుండానే
    ఉల్లిపాయలు బేరమాడుతోంది
    ఆగండి పాలు పొంగుతున్నాయి

నాలుగో పాదం దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు.
గిన్నె చప్పుడు.
చాలాసేపు ఫ్యాను ఒక్కటే చదివింది.
తిరిగొచ్చి కూర్చుని
"పొంగిపోయాయి" అంది, అదే గొంతుతో.
పేజీ తిప్పింది.

కాగితం మీది పాలా, పొయ్యి మీది పాలా?
ముప్ఫై సార్లు విని ఉంటాను.
కోసెయ్యాలో ఉంచాలో తేలక
ఫైలుకి "పాలు, అనుమానం" అని పేరు పెట్టాను.

పదకొండోది, రెండో వైపు.
ఆ రోజు బ్యాటరీలు దిగిపోతున్నట్టున్నాయి.
మెషిన్ ఈడ్చుకుంటూ ఎక్కించింది
సరైన వేగంలో వింటే పరిగెడుతుంది.
అందులో మర్మమేం లేదు, మా వృత్తిలో రోజూ చూసేదే.
నలభై దాటిన మనిషి
పాదానికో ఏడు రాలుస్తూ
ఇరవై, పదహారు,
ఆఖరికి రెండు జడల పిల్ల
ముక్కుతో గబగబా అప్పజెబుతున్నట్టు:

    నేను పుట్టేలోపు ఈ ఉత్తరం వేసి రావాలి
    బిళ్ళ నాలుకకే అతుక్కుంది
    ఎర్రడబ్బా పళ్ళు బిగించింది

ఆ పైన పిట్ట కూతలాంటిదేదో.
ఆ పైన ఉత్త టేపు.

వేగం సరిచేసే మీట నా బొటనవేలి కిందే ఉంది.
తిప్పితే ఆమె వయసు ఆమెకొచ్చేస్తుంది.
పని పద్ధతి అదే. డబ్బులిచ్చేదీ దానికే.
వేలు అక్కడే పెట్టుకుని కూర్చున్నాను.

సాబ్ షట్టరు సగం దించి
బండి తాళం కోసం జేబులు తడుముకుంటూ
"ఛుట్టీ మిలీ క్యా ఉసే?" అని మళ్ళీ అడిగాడు.
ఇన్నాళ్ళ తర్వాత.

ఇంటికి పోతూ చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద ఆగి
కిందికి చూశాను.
దోమలు, నురుగు, వీధిదీపాల ముక్కలు.
సన్నగా, వంగి, ఏదో రాసుకుంటున్నట్టు
నీళ్ళు.

దొరకలేదు సాబ్.
ఇంకా డ్యూటీలోనే ఉంది.