పేరు గీకేసిన పాట

మా నాన్న పగలు శవపేటికలు చేసేవాడు,
రాత్రి స్పీకర్ పెట్టెలు.
కొలతలే వేరు, చెక్క ఒకటే.
"ఇందులో మనిషి పడుకుంటాడు,
దీని ముందు మనిషి లేస్తాడు" అని
మేకులు పెదాల మధ్య కరిచిపట్టుకుని
నవ్వలేక నవ్వేవాడు.

కింగ్‌స్టన్‌లో, జోన్స్ టౌన్‌లో, యాభై ఎనిమిదిలో
నాకు తొమ్మిదేళ్ళు.
ఫ్లోరిడాకి చెరకు నరకడానికి పోయినవాళ్ళు
చొక్కా మడతల్లో దాచి తెచ్చిన రికార్డులకి
నడిమధ్య కాగితం బిళ్ళ మీద
పేరు చెరిపెయ్యడం నా పని.

గోరువెచ్చని నీళ్ళు, పెచ్చులూడిన ఎనామిల్ బేసిను,
ఒక అరపెన్నీ నాణెం.
మొదట కంపెనీ బొమ్మ ఊడేది,
తర్వాత వాయించినవాడి పేరు,
ఆఖరికి పాట పేరు.
చదువు నాకప్పుడప్పుడే అబ్బుతోంది.
కూడబలుక్కుని ఒక్కో అక్షరం చదివి
చదివినదాన్ని చదివినట్టే గీకేసేదాన్ని.

ఎందుకంటే శనివారం రాత్రి
రెండు వీధుల అవతలి సౌండ్‌వాళ్ళు
సెడ్రిక్ అనే సన్నటి కుర్రాణ్ణి పంపేవాళ్ళు.
అతను డాన్సు చేస్తున్నట్టే చేస్తూ
టర్న్‌టేబుల్ దాకా జరుగుతూ జరుగుతూ వచ్చి
తిరిగే బిళ్ళ మీద అక్షరాలు వెతికేవాడు.
అక్కడేముంది, పొక్కులు లేచిన కాగితం,
నా గోటి గీతలు.

పాట మాత్రం ఉండేది.
బేస్ ముందు నేలకి తెలిసేది,
ఆ తర్వాత మోకాళ్ళకి,
చెవిదాకా వచ్చేసరికి అది పాత కబురు.
రేకుల కంచె జ్వరమొచ్చినట్టు వణికేది.
బేకరీలో రాత్రి డ్యూటీ ఎగ్గొట్టి
మిస్ ఆర్డెల్ పిండి చేతుల్తోనే వచ్చి
ఎవరి నల్లకోటు వీపు మీదో
ఐదు తెల్లటి వేళ్ళు వదిలి వెళ్ళేది.

ఒక పాటలో
శాక్సోఫోన్ మొదలయ్యే ముందు ఎవరో దగ్గుతారు.
ఆ దగ్గు కోసం జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు.
దగ్గగానే ఒకటే కేకలు, మూతలతో కంచె మీద మోత!
నాన్న సూది ఎత్తి
మళ్ళీ మొదట్లో పెట్టేవాడు.
అట్లా ఆ మనిషి
ఒక్క రాత్రిలో పదకొండుసార్లు దగ్గాడు.

సెడ్రిక్ ఒకసారి పట్టపగలే వచ్చాడు.
తురిమిన ఐసు మీద ఎర్ర సిరప్ పోయించి
నా చేతిలో పెట్టి, "పేరు చెప్పు" అన్నాడు.
ఐసు బండికి కట్టిన కంచరగాడిద
నా వంకే చూస్తోంది. ఆవేళ బుధవారం.
"వెన్స్‌డే మ్యూల్" అన్నాను.
పాపం, నాలుగేళ్ళపాటు
అమెరికాలో ఉన్న పినతండ్రికి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడట.

నాన్న పోయిన రోజున
ఆయన చేసిన పేటిక ఒక్కటీ మిగిలి లేదు.
బజార్లో కొన్నాం. మూత సరిగ్గా పడలేదు.

మొన్న ఒసాకా నించి ఒకతను వచ్చాడు, తత్సుహికో.
తెల్లటి నూలు తొడుగులు వేసుకుని
ఆ రికార్డుని పసిగుడ్డుని ఎత్తినట్టు ఎత్తాడు.
పదేళ్ళుగా వెతుకుతున్నాడట.
"మీరే చెరిపారంటే మీరు చదివే ఉంటారు" అన్నాడు,
మెల్లగా, దొంగని కాదు సాక్షిని అడిగినట్టు.

చదివాను బాబూ.
ఎక్కడో ఒక మనిషి, అతనికి దగ్గు,
దగ్గుతోనే నిలబడి వాయించాడు.
అతని పేరుని నీళ్ళలో నానబెట్టి
మా పెరటి కాలవలో పోశాను.
ఇప్పుడు కళ్ళు మూసుకుంటే
నాణెం అంచు గుర్తొస్తుంది, కాగితం ముద్ద గుర్తొస్తుంది,
ఒక్క అక్షరం గుర్తుకు రాదు.
నిజం కొట్టుకుపోయింది.
ఐసుకి అమ్మిన అబద్ధం మాత్రం
ఇంకా నాలిక మీద ఎర్రగా ఉంది.

అదే చెప్పాను.
అతను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు,
రెండుసార్లు స్పెల్లింగ్ అడిగి మరీ.

సూది దించాడు. చిటపటలు.
ఏదో అనబోయాడు.
ఆగు, అన్నాను,
ముందు ఆయన్ని దగ్గనీ.