ఉండొచ్చు

జువ్వలదిన్నె రేవులో, ఐసు ఫ్యాక్టరీ పక్కన
డీజిల్ వాసన పట్టిన గదిలో
గోడకి పటం అంటించాను.
ఒడ్డు దగ్గర నీలం.
నేల తెగి లోతుకి జారే అంచున పసుపు, ఆపైన కాషాయం,
ఒకటి రెండు చోట్ల మాత్రం
సూది గుచ్చుకున్నంత ఎరుపు.

ఎరుపంటే ఉందని కాదు.
ఉండొచ్చు.
మూడేళ్ల నా పనంతా ఆ ఒక్క క్రియాపదం.
చలి ఎంత, ఉప్పు ఎంత, నేల ఎంత వాలింది,
అడుగునీరు ఏ దిక్కుకి ఈడుస్తుంది,
ఇవి చెబితే చాలు
ఎవరూ చూడని పగడం ఎక్కడ కాపురముంటుందో
యంత్రం ఊహిస్తుంది,
పెళ్లిళ్ల పేరయ్య వీధిని చూసి ఇంటిని ఊహించినట్టు.

ఇది ఉంగరపు పగడం కాదు.
కుజుడి శాంతికి వేలికి తొడిగేదీ,
నల్లపూసల నడుమ ఎర్రగా కూచునేదీ కాదు.
తెల్లనిది. వెలుగన్నది ఎరగనిది.
పైనీళ్లలో చచ్చినవి నుసిగా రాలుతుంటే
చీకట్లో చేతులు చాచి అందుకుని బతికేది.
మన గోరు నెలకి పెరిగేంత
అది ఏడాదంతా పెరుగుతుంది.
ఇనుప బరువులు కట్టిన వల
ఒక్కసారి ఈడ్చుకుపోతే చాలు,
వెయ్యేళ్లు పెళ్లలుగా విరుగుతాయి.

పామంజి ఏకాంబరం వచ్చాడు.
చెవి వెనక బీడీ, ఎడమచేతికి మూడే వేళ్లు.
"ఈ ఎర్రది ఏందమ్మా?"
చెప్పాను.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
నా యంత్రం ఉండదని తేల్చిన నీలం మీద
నిదానంగా వేలు పెట్టాడు.

"నూట ఇరవై బారలు. ఈడ రాయుండాది.
తుపానొచ్చిన ఏడు ఒక వల పొయ్యింది,
మళ్లేడు ఇంకోటి.
మా నాయన ఆడికి పోబాకరా అంటే
దెయ్యముండాదనుకున్నా."

మర్నాడు పాత పసుపు డబ్బా తెచ్చాడు.
లోపల వలముక్కలో చుట్టిన కొమ్మ, వేలెడంత.
చివర్లలో విచ్చుకుని ఆగిపోయిన గిన్నెలు, చిట్టిచిట్టివి.
చిరిగిన వలలో వచ్చిందట, ఇరవై రెండేళ్ల కింద.
ఏమిటో తెలియక,
పారేయడానికి చెయ్యి రాక
భార్య దాచిందట.
ఇప్పుడామె లేదు. పసుపు వాసన ఉంది.

ఆ రాత్రి లెక్క మళ్లీ వేశాను.
ఒక్క చుక్క చేర్చితే
నీలం కడుపులోంచి పసుపు పొడుచుకొచ్చింది,
మైపాడుకి ఎదురుగా ఒకచోట,
రామాయపట్నం దాటాక ఇంకోచోట,
ఒకడు నోరు విప్పితే
తక్కిన సాక్షులూ గొంతు సవరించుకున్నట్టు.

సంతోషం ఎంతోసేపు లేదు.
ఈ పటం ఆఫీసుకి పోతే గీత గీస్తారు.
రాయున్న చోటే చేప కూడా ఉంటుంది.
గీత లోపల పడేది ఈయన కూడు.
పోకపోతే
ఏ దూరపు రేవునుంచో పెద్దబోట్లు వస్తాయి,
రాయీ మిగలదు, కూడూ మిగలదు.
అంతా తెలిసినదానిలా రాసుకుంటున్నాను గానీ
ఫైలుకి పేరు పెట్టడానికే తెల్లారిపోయింది.

పొద్దున్నే పోయి అడిగాను.
ఇసకలో కాళ్లు చాపుకుని వల బాగుచేస్తున్నాడు.
తల ఎత్తలేదు. చాలాసేపు
అలలే మాట్లాడాయి.

"చుక్క పెట్టు.
నా పేరు పెట్టబాక."

పంటితో దారం కొరికి,
"అయినా నాకు తెలవక అడగతా,
దిగకుండా, చూడకుండా
ఈడుండొచ్చని ఎట్టా చెప్తావమ్మా నువ్వు?"

చెప్పబోయాను.
ఆయన చూపు సముద్రం మీదుంది.
కింద ఆ మూడు వేళ్లు
కన్ను తరవాత కన్ను తడుముకుంటూ
చిరుగు ఎందాకా పోయిందో
వాటంతటవే వెతుక్కుంటున్నాయి.