చుక్కల గీత

శాన్ హోసే కోర్టులో తొమ్మిదో రోజు.
రెండు ఫోన్లు పక్కపక్కన బోర్లించి
"మూలలు చూడండి" అంటాడు మా లాయరు.
జ్యూరీలో నాలుగో కుర్చీ, విల్మా ఆస్ట్రాండర్,
నలభై ఏళ్లు సైకిళ్లు బాగుచేసిన మనిషి,
మూలల్ని కాదు, అతని గోళ్లను చూస్తోంది.

పేటెంటుకి బొమ్మలు గీసింది నేను.
నిండు గీత గీస్తే మాది.
చుక్కల గీత గీస్తే మేం అడగనిది.
అంచు మాది. వంపు మాది.
బొత్తాన్ని మాత్రం చుక్కల్లో వదిలేశాం.

సువాన్ నుంచి వచ్చిన అవతలి డిజైనరు, నామ్ హేరిన్,
బోనులో నిలబడి మెల్లగా అంది:
ఆ వంపు మా వీధి స్నానశాలలో
అరిగిన సబ్బుబిళ్లది.
దుబాసీ ఒక్క క్షణం తడబడ్డాడు.
ఎవరో కిసుక్కుమన్నారు.
మావాళ్లు అభ్యంతరం చెప్పారు.
రికార్డులోంచి సబ్బును కొట్టేశారు.

విరామంలో చేతులు కడుక్కోబోతే
సింకు అంచున
ఎన్ని అరచేతులు తిరిగొచ్చిందో,
మూలల్లేని ముక్క.
ముట్టుకోలేదు. నీళ్లతోనే సరిపెట్టాను.

ఏడో పటంలో
ఫోను పట్టుకున్న చెయ్యొకటి ఉంటుంది.
నా ఎడమ చెయ్యే చూసి గీశాను,
బొటనవేలి మీది కాలిన మచ్చతో సహా.
రూలు ప్రకారం
అంతా చుక్కల్లోనే.