శాంపిల్ నంబరు నూట పద్నాలుగు

దేశాయిపేట రోడ్డు మీద, కోల్డ్ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డు నా ప్రయోగశాల.
ఒక తరాజు, ఒక పాత స్పెక్ట్రోఫోటోమీటరు,
నిరుడు తలుపు విరిగిన ఫ్రిజ్జు.
ఇక్కడ మిరపకాయ మిరపకాయ కాదు,
అంకె.

నడికూడ నుంచి కొమ్మాలు తెచ్చిన చపాటా.
టమాట లెక్క బుగ్గలు, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ.
పొడి కొట్టి, అసిటోన్‌లో వేసి
పదహారు గంటలు చీకట్లో పెట్టాను.
వెలుతురు తగిలితే రంగు చస్తుంది.
"ఎండల ఎండబెట్టిందేనాయె మేడమ్,
ఇప్పుడు చీకటెందుకు?"
ఆ ఎండలోనే కొంత చచ్చిందని చెప్పలేక
చాయ్ పోశాను.

ఈ ఎరుపు చిక్కటి నూనెగా మారి డ్రముల్లో ఓడలెక్కుతుంది.
ఎవరి పెదవి మీదో, ఏ సాసు సీసాలోనో,
కోడి మేతలో కలిసి గుడ్డు సొనలోనో తేలుతుంది.
కొమ్మాలు అన్నీ విన్నాడు,
గుడ్డు సంగతి ఒక్కటే నమ్మలేదు.

బయట పరదా నీడలో
ముచ్చికలు తుంపుతోంది సారవ్వ.
కిలోకింతని కూలి.
తేజ రకం వచ్చిన రోజు
వేళ్లు తెల్లారేదాకా మండుతాయి,
మనవరాలిని ఎత్తుకోదు.
నీళ్లతో కడగదు.
"నీళ్లకు ఇననిది నూనెకింటది" అని
మంచినూనె పూసి తౌడుతో రుద్దుకుంటుంది.
ఈ ముక్క నేర్చుకోవడానికి నేను
కాకతీయ యూనివర్సిటీలో రెండేళ్లు కూర్చున్నాను.

మోకాలు నొప్పంటే మొన్న ఒక ట్యూబు కొనిచ్చాను.
మూత తీసి, రాసుకొని, కాసేపాగి
పడీ పడీ నవ్వింది.
"గిది నా చేతుల మంటనే కదనే!
దీనికి పైసలిచ్చినవా?"

అవునవ్వా, అదే.
చుక్కంత కొలిచి, క్రీములో కలిపి, పేరు మార్చారు.
మంట కబురు మోసీ మోసీ నరం అలసిపోతుందట,
నొప్పి కబురు కూడా మోయడం మానేస్తుందట.

"అలిసిపోతదా?"
వేళ్లు విప్పి చూసుకుంది.
"ఇరవై ఏండ్లాయె.
మరి ఇవెందుకు అలుస్తలేవు?"

నా పుస్తకంలో ఆ పేజీ లేదు.

పదహారు గంటలు నిండాయి.
సీసా తీసి కిటికీకి అడ్డంగా నిలబడి
గాజు డబ్బీలో కొంచెం పోసి
నాలుగువందల అరవై దగ్గర మీట నొక్కాను.
వచ్చిన అంకెను కొమ్మాలు
అరచేతి మీద రాసుకున్నాడు,
చెమటకు చెరుగుతుందని మళ్లీ సిగరెట్ డబ్బా మీద.

సారవ్వ కూడా అడిగింది, ఎందుకో.
చెప్పాను.
"ఎక్కువనా, తక్కువనా?"
ఎక్కువే.
"ఔ మల్ల," అని
కొత్త బస్తా మూతి విప్పింది.