ఆరు రాళ్ల బాట

ఇక్కడ ఎక్కుడు లేదు, దిగుడు లేదు.
కట్ట దిగితే అంతా ఒక్కటే మట్టం:
నీళ్లు వెనక్కి జరిగినంత మేర తుంగ,
తుంగ ఆగినకాడ జమ్ము,
జమ్ము మీద మంచు, మంచులోపల
కనపడని నామాలకోళ్ల పంచాయితి.
వెనక, కట్ట మీదికెల్లి
నల్లగొండ పోయే మొదటి బస్సు లైట్లు.

అటవీశాఖోళ్లు పాతిన పచ్చ రాళ్లు
అర కిలోమీటరుకొకటి.
నాలుగోదాన్ని బర్రెలు ఒళ్లు రుద్దుకొని వంచినయి.
ఆరోది వానలకు మునుగుతది, చలికి తేలుతది.

పొద్దుగాల ఐదుంబావుకు
నేను బూట్ల లేసులు బిగిస్తుంటే
వాచర్ సైదులు రోజూ అడుగుతడు:
"ఏ పోస్టుకు చెల్లే? కానిస్టేబులా, బీటాఫీసరా?"
ఏ పోస్టుకూ కాదన్నా అంటే నమ్మడు.
మా మండలంల
ఉత్తగ ఉరికేటోళ్లు పిచ్చోళ్లు,
లేదంటే కుక్క తరిమినోళ్లు.

మా పెద్దమ్మ అండాలు నమ్ముతది.
తూము గోడ మీద కూసోని
నా ఫోన్ల గడియారం తనే నొక్కుతది.
ఆమె మోకాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటయి.
బోరింగు నీళ్లు తాగి పెరిగిన కాళ్లు.
ఏడో తరగతిల వంగుడు మొదలైతే
డాక్టరు ఫ్లోరైడన్నడట,
వాళ్లమ్మ దిష్టన్నదట,
నీళ్లు మాత్రం చల్లగనే ఉండెనట.

నేను పుట్టేటాళ్లకు నల్లాల కృష్ణ నీళ్లొచ్చినయి.
ముప్పై ఏండ్లు, ఒక పైపు.
ఆ తేడా మీదనే ఉరుకుతున్న.

మొదటి రాయి దాకా ఊపిరి నా మాట వినదు.
రెండోది దాటినంక కాళ్లు నన్ను మరిచిపోతయి.
మట్టి ఒక్కోతాన గట్టి,
ఒక్కోతాన అప్పిచ్చినోడి లెక్క
బూటు పట్టుకొని వదలదు.
తీతువు లేచి నా ఏడు తరాలను తిడుతది.
బుడుబుంగ మునిగి
నేను అనుకున్న తావు తప్ప ఎక్కడన్న తేలుతది.
నెత్తిన నల్లగీతల బాతులు, అవి
మంచుకొండల మీదికెల్లి వస్తయట.
నాకు మూడో రాయికే డొక్క పడుతది.
చదును నేల మోసగత్తె:
కొస కనపడుతనే ఉంటది,
దగ్గరికి మాత్రం రాదు.

మళ్లొచ్చేసరికి పెద్దమ్మ
"ముప్పై ఎనిమిది నిమిషాల పద్నాలుగు"
అని చదువుతది, కిరాణా పద్దు చదివినట్టు.
ఒకనాడు చదివి, ఫోను ఇయ్యకుండ అడిగింది:
"ఆ కొసకు ఏముంటది?"

ఏం లేదన్న.
యాభై రెండేండ్లు ఈ చెరువు పక్కనే,
ఏనాడూ కట్ట దిగని మనిషికి
ఏం లేదని చెప్పిన.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తెల్లారి ఒక నత్తగుల్ల తెచ్చిన.
మరునాడు ఈక.
ఆ తర్వాత ఏం దొరకక
బురద బూటే చేతికిచ్చిన.
వాసన చూసి, ముఖం పక్కకు తిప్పి,
మళ్లీ చూసింది.

మొన్న ఆయితారం
గడియారం నొక్కి, తనే లేచింది.
"పా."

ఒక చేత కర్ర, ఒక చేత నా భుజం.
మొదటి రాయి కాడ కూసున్నం.
రెండోదాని కాడికి సైదులు ఛాయ్ తెచ్చిండు,
ఏ పోస్టుకని అడగలేదు.
మూడో రాయికి మంచు పోయి ఎండ.
తీతువు చూసి కూడా అరవలేదు,
ఇంత నిదానంగ వచ్చేటోళ్లు
గుడ్లు ఎత్తుకపోరని దానికి ఎరుకేమో.

నాలుగోది, ఆ వంగిన రాయి.
పెద్దమ్మ దాని నడుము తడిమి
"ఇది గూడ మా బోరింగు నీళ్లే తాగిందా ఏంది" అన్నది.
నాకు నవ్వు రాలేదు.
ఆమె నవ్వింది, బాతులు లేచేంత.

అక్కడ్నుంచే మళ్లినం.
ఇంటికొచ్చి కాళ్లకు కాపడం పెడుతుంటే
ఫోన్ల గడియారం ఇంకా ఉరుకుతనే ఉన్నది:
ఐదు గంటల పదకొండు నిమిషాలు,
పన్నెండు.
ఆపుదామని వేలు పెట్టబోయిన.

"ఉండనియ్యే" అన్నది,
"ఇంక రెండు రాళ్లున్నయి."