లోతు ఎంత?

నాకప్పుడు పదకొండేళ్లు, మట్టిగంప మోసే పని.
కాకిదిబ్బ మీదికి జీపు వచ్చి ఆగింది.
బగ్దాదు నుంచి వచ్చే దొర కోసం
గొర్రెను కోసి కాచుక్కూచున్నాం.
దిగింది ఒక ఆడమనిషి.
పెద్దవాళ్లు ఇంకా వెనక సీటు వంకే చూస్తున్నారు,
దొర దిగుతాడేమోనని.

షర్ఖాత్ నుంచి వచ్చిన మేస్త్రీ హమ్మాదీ
పలుగు నేలకేసి కొట్టి, ఆడదాని కింద చెయ్యనన్నాడు.
సిత్త్ ఇబ్తిహాజ్ ఏమీ అనలేదు.
బూట్లు విడిచి, తాపీతో నేలను తడుతూ నడిచింది,
కుండ కొనేవాళ్లు వేలితో తట్టి చూస్తారే, అట్లా.
ఒకచోట ఆగి గీత గీసింది.
"ఇక్కడ గోడ."
మధ్యాహ్నానికల్లా గోడ తేలింది.
అది పచ్చి ఇటుక, దాని చుట్టూ కూలిందీ పచ్చి ఇటుకే.
మట్టిలోంచి మట్టిని విడదీయడమంటే
పాలలోంచి నీళ్లను విడదీయడమే.
హమ్మాదీ వంగి పలుగు తీసుకున్నాడు,
ఇరవై ఏళ్లు మళ్లీ కింద పెట్టలేదు.

ఒకరోజు నా గంపలోనే పలక దొరికింది.
అరచేతి కంటే చిన్నది, ఎండిన రొట్టెముక్క అనుకున్నాను.
చొక్కాతో తుడవబోతే చెయ్యి పట్టుకుంది,
తనే మెల్లగా ఊది దుమ్ము పోగొట్టింది.
పక్కన కూచోబెట్టుకుని చదివింది:
"గంపలు మోసినవాళ్లు పద్నాలుగు మంది.
మనిషికి రెండు మానికల బార్లీ.
ఒకడు రాలేదు, జ్వరం."
నాలుగువేల ఏళ్ల కిందట జ్వరం తగిలినవాడి పేరు
నోట్లో తిప్పుకుంటూ ఇంటికి పోయాను.
ఎవరికిరా జ్వరం, అని అడిగింది మా అమ్మ.

తర్వాత యుద్ధం. తర్వాత ఆంక్షలు. మళ్లీ యుద్ధం.
పిండి ధర జీతాన్ని మింగింది.
రాత్రిపూట ట్రక్కులొచ్చేవి, జనరేటర్లు, బల్బులు.
మశూచి పోసినట్టు దిబ్బ నిండా గుంటలు.
దాచడమెందుకు, నేనూ తవ్వాను.
ఆమె నేర్పిన చెవితోనే తవ్వాను.
గోడ ఎక్కడుంటుందో తెలిసినవాణ్ణని
నాకు రెండింతలు ఇచ్చేవాళ్లు.

ఆ రాత్రి నేను గుంటలో, నా చేతిలో పలక.
పైన లాంతరు వెలుగు, కర్ర చప్పుడు.
తుపాకీ లేదు, పోలీసు లేడు.
మోకాళ్లరిగిన ముసలిది,
ఇరవై మైళ్లు గాడిదబండి మీద వచ్చిందట.
డిపార్టుమెంటు తలుపులు కూడా ఊడదీసుకుపోయాక
ఆమెకు మిగిలింది ఒక నోటుపుస్తకం.
ట్రక్కువాడొకడు నవ్వి, ఆమె కాళ్ల దగ్గర కాల్చాడు.
ఆమె గుంట అంచున కూచుని కాళ్లు వేలాడేసింది,
పెన్సిలు మొన నాలుకకు తాకించి అడిగింది:
"ఛాసిబ్, లోతు ఎంత?"

తిడితే తిరిగి తిట్టేవాణ్ణి.
ఏడిస్తే పారిపోయేవాణ్ణి.
"పక్కన ఏముంది? బూడిదా? చాప అచ్చా?
పలక బోర్లా ఉందా, వెల్లకిలా?"
నా నోరు దానంతటదే తెరుచుకుంది.
"రెండు మీటర్ల పది, సిత్త్. బోర్లా ఉంది. కింద బూడిద."
రాసుకుంది. తలెత్తకుండానే అంది,
"ఇక అమ్ముకో. ఎక్కడిదో అన్నా మిగిలింది."

అమ్మాను.
అబద్ధమెందుకు, ఆ పలక అమ్మాను.
మా చిన్నదానికి మందులొచ్చాయి.
మర్నాటి రాత్రి మాత్రం గుంటలోకి దిగలేకపోయాను.
పైనే నిలబడ్డాను, ఆమె పక్కన,
మా నాన్న బాతులవేట తుపాకీ పట్టుకుని.
మూడో వారానికి ఏడుగురమయ్యాం,
హమ్మాదీ కొడుకులిద్దరితో కలిపి.

ఆమె పోయి ఆరేళ్లు.
మొన్న ఒకమ్మాయి వచ్చింది, కొత్తగా ఉద్యోగంలో చేరిందట,
బూట్లు చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కింది.
నోటుపుస్తకంలో ఒక పేజీ తెరిచి, ఇది మీరేనా అంది.
లోతు, రెండు మీటర్ల పది. బోర్లా. బూడిద.
కింద, ఎప్పట్లాగే, ఆ రోజు కూలీల పట్టీ.
ఒకటే పేరు.
ఛాసిబ్, గంప మోసేవాడు.
కూలి: బాకీ.